టీకా మందు వెనుకనున్న చేతులు: పల్సానా ప్రాంతపు పనివారికి జీవసాంకేతిక పరిశ్రమలో శిక్షణ

ఆరోగ్య కేంద్రములో బిడ్డను ఒడిలో కూర్చుండబెట్టుకొని టీకా వేయించు తల్లి, నర్సు చేతిలోని చిన్న సీసాను చూచును. అందులోని మందు మంచిదో కాదో ఆమె తెలిసికొనజాలదు. బియ్యములో రాళ్లున్నచో చేటలో కనిపించును. పాలలో నీరు కలిసినచో కాచినప్పుడు మీగడయే చెప్పును. టీకా మందు విషయమున అట్టి పరీక్ష ఇంటిలో లేదు. ఆరోగ్య కేంద్రమునందును లేదు. అనుభవజ్ఞుడైన డాక్టరు సైతము సీసాను వెలుతురులో పట్టి చూచినంత మాత్రమున అందులో హానికరమైన సూక్ష్మజీవి లేదని చెప్పలేడు. ఆ తల్లి నమ్మకమంతయు తాను ఎన్నడును చూడని, పేరైనను ఎరుగని కొందరు పనివారి చేతుల మీద ఆధారపడి యున్నది.

ఆ పనివారెవరు? వారిలో శాస్త్రజ్ఞులు కొందరు మాత్రమే. తొట్టెలను కడుగువారు, ఆవిరి పట్టించువారు, తూకములు వేయువారు, సీసాలు నింపువారు, లెక్కలు వ్రాయువారు కూడ అందులో కలరు. ఐ.టి.ఐ. చదువుతోనో, సామాన్యమైన డిగ్రీతోనో వచ్చి ఈ పనులు నేర్చుకొన్నవారు అనేకులు. ఇట్టివారిని తయారుచేయుట ఎట్లు? గుజరాత్‌లోని పల్సానా వంటి ప్రాంతమున బట్టల మిల్లుల మీద బ్రతుకుచున్న కుటుంబముల బిడ్డలకు ఈ పని అందుబాటులోనిదేనా? ఈ చిన్న పుస్తకము చర్చించునది ఈ విషయమునే.

ఒక సీసా, పందొమ్మిది ప్రాణములు

1896లో బొంబాయి నగరమున ప్లేగు ప్రబలినది. వాల్డెమార్ హాఫ్‌కిన్ అను శాస్త్రజ్ఞుడు అచ్చటనే పరిశోధన చేసి, 1897 జనవరిలో ప్లేగు టీకాను మొదట తన శరీరమునకే ఎక్కించుకొని చూచెను. తరువాత లక్షలాది ప్రజలకు ఆ టీకా వేయబడినది. 1902 అక్టోబరు 30న, నేడు పాకిస్తాన్‌లో ఉన్న పంజాబు గ్రామమైన మల్కోవాల్‌లో 107 మందికి టీకా వేసిరి. వారిలో ఒకే సీసాలోని మందు పొందిన 19 మందికి ధనుర్వాతము వచ్చినది. ఆ పందొమ్మిది మందియు మరణించిరి.

నింద హాఫ్‌కిన్ మీదను, ఆయన ప్రయోగశాల మీదను పడినది. ఆయన పదవి నుండి తొలగింపబడెను. నిజము తేలుటకు సంవత్సరములు పట్టినది. ధనుర్వాత క్రిమి తయారీశాలలో ప్రవేశించలేదనియు, ఆ గ్రామమున సీసా విప్పు సమయమున చేతిలోని పట్టుకారు నేల మీద పడగా దానిని సరిగా శుద్ధి చేయకయే వాడియుందురనియు తరువాతి పరిశీలనలో అభిప్రాయపడిరి. 1907లో హాఫ్‌కిన్ నిర్దోషిగా ప్రకటింపబడెను. ఆయన గౌరవము తిరిగి వచ్చినది గాని ఆ పందొమ్మిది ప్రాణములు తిరిగి రాలేదు.

కర్మాగారములోనే జరిగిన పొరపాటునకు 1955 నాటి అమెరికా ఉదంతము నిదర్శనము. పోలియో టీకా చేయుటకు పోలియో క్రిమిని ఫార్మలిన్‌తో సంపూర్ణముగా చంపవలెను. కట్టర్ అను సంస్థ తయారుచేసిన కొంత మందులో బ్రతికియున్న క్రిములు మిగిలిపోయినవి. ఆ కారణమున పిల్లలు, వారి నుండి అంటుకొన్న కుటుంబసభ్యులు కొన్ని వేలమంది జబ్బుపడిరి. అనేకులకు పక్షవాతము వచ్చినది. 10 మంది చనిపోయిరి. టీకాల తయారీపై ప్రభుత్వ పర్యవేక్షణ కఠినమగుటకు ఈ ఘటన ఒక ముఖ్యకారణము.

ఈ రెండు ఉదంతములందును టీకాను రూపొందించిన విజ్ఞానము సరియైనదే. చేతికి అందిన పనిలోనే లోపము జరిగినది. కావున జీవసాంకేతిక పరిశ్రమలో పనివానికిచ్చు శిక్షణ ఉద్యోగ సమస్య మాత్రమే కాదు. అది ప్రజారోగ్య సమస్య.

సూక్ష్మజీవులచే మందు చేయించుట

జీవసాంకేతిక పరిశ్రమ అనునది పేరునకు క్రొత్తదే గాని దాని మూలసూత్రము ప్రతి వంటయింటికిని తెలిసినదే. కాచి చల్లార్చిన పాలలో చెంచాడు మజ్జిగ తోడు వేసినచో తెల్లవారునప్పటికి పెరుగగును. పాలు మరీ వేడిగానున్నప్పుడు తోడు వేసినచో విరిగిపోవును. మరీ చల్లగానున్నచో తోడుకొనదు. ఇచ్చట పని చేయునది కంటికి కనిపించని సూక్ష్మజీవి. ఇల్లాలు చేయునది దానికి తగిన తావును, తగిన వేడిమిని కల్పించుటయే.

పరిశ్రమలో కూడ ఇదియే జరుగును. మనిషికి కావలసిన ఒక పదార్థమును తయారుచేయు జన్యువును సూక్ష్మజీవిలో ప్రవేశపెట్టి, ఆ జీవిని పెద్ద ఉక్కు తొట్టెలలో పెంచుదురు. చక్కెర, గాలి, ఉష్ణోగ్రత, ఆమ్లత అన్నియు కొలత ప్రకారము ఇచ్చెదరు. పెరిగిన జీవరాశి నుండి కావలసిన పదార్థమును వేరుచేసి, అనేక పర్యాయములు శుద్ధిచేసి, సీసాలలో నింపుదురు. ఈ విధముగా బాక్టీరియాచే చేయించిన మానవ ఇన్సులిన్‌కు 1982లో అమెరికాలో అనుమతి లభించినది. మన దేశమున హైదరాబాదులోని శాంతా బయోటెక్నిక్స్ సంస్థ ఈస్టు ద్వారా హెపటైటిస్-బి టీకాను తయారుచేసి 1997లో విడుదల చేసినది. ఈ తరహాలో భారతదేశము స్వయముగా చేసికొన్న మొదటి టీకా అదియే. దానితో అంతవరకు విదేశముల నుండి వచ్చుచుండిన టీకా ధర ఎంతో తగ్గినది. ఆ సంస్థను 1993లో స్థాపించిన కె.ఐ. వరప్రసాదరెడ్డి జీవశాస్త్రము చదివినవారు కారు, ఎలక్ట్రానిక్స్ ఇంజనీరు. ఒక వృత్తి నుండి ఈ వృత్తికి వచ్చుట అసాధ్యము కాదనుటకు ఇదియొక దృష్టాంతము.

పల్సానా పనివారికి ఇదివరకే తెలిసినది

పల్సానా సూరత్ జిల్లాలోని ఒక తాలూకా కేంద్రము. ముంబై, అహమ్మదాబాదుల మీదుగా పోవు 48వ నంబరు జాతీయ రహదారియు, హజీరా నుండి తూర్పునకు పోవు 53వ నంబరు రహదారియు ఈ ప్రాంతముననే కలియును. ఈ తాలూకాలోని కడోదరా చుట్టుప్రక్కల బట్టల మిల్లులు, అద్దకపు కర్మాగారములు అనేకము కలవు. చల్తాన్‌లో సహకార చక్కెర కర్మాగారము గలదు. పరరాష్ట్రముల నుండి వచ్చిన కార్మికులు ఇచ్చట ఎక్కువ. సూరత్ నగరములోని లింబాయత్, ఉధనా పేటలలో కరీంనగరము, వరంగల్లు, నల్లగొండ ప్రాంతముల నుండి తరతరములుగా వచ్చి స్థిరపడిన పద్మశాలి కుటుంబములు కలవు. మగ్గపు పనితో వచ్చిన ఆ కుటుంబముల వారికి మిల్లు జీవితము క్రొత్తది కాదు.

పల్సానాలో నేటికిని ప్రధానమైనది బట్టల పరిశ్రమయే. అయితే అదే 48వ రహదారి మీద ఉత్తరముగా పోయినచో నర్మదా తీరమునకు సమీపమున అంకలేశ్వరము వచ్చును. అచ్చటి చిరాన్ బెహ్రింగ్ అను రేబిస్ టీకా కర్మాగారమును హైదరాబాదులోని భారత్ బయోటెక్ సంస్థ 2019లో తీసికొన్నది. కోవిడ్ కాలమున ఆ శాలలోనే కోవాక్సిన్ టీకాను చేయ నిశ్చయించిరి. 2021 ఆగస్టు 29న అచ్చటి మొదటి బ్యాచి విడుదలైనది. శుద్ధమైన శాలయు, టీకా పనికి అలవాటుపడిన సిబ్బందియు ముందుగనే ఉండుట ఆ పనికి ఎంతో తోడ్పడినది. కట్టడమును త్వరగా కట్టవచ్చును, యంత్రమును కొనవచ్చును, ఆరితేరిన పనివానిని మాత్రము ఒక్క దినమున తేజాలరు.

ఇక అద్దకపు మిల్లులో పనిచేయువాని నైపుణ్యమును పరిశీలింతము. సూరత్‌లో తయారగునది అధికముగా పాలియెస్టరు బట్ట. దానికి రంగు పట్టించుటకు ఒత్తిడి గల యంత్రములో సుమారు 130 డిగ్రీల సెంటీగ్రేడు వేడి కావలెను. వేడిని మెల్లగా పెంచి, నిర్ణీత కాలము నిలిపి, మరల మెల్లగా దించవలెను. తొందరపడినచో రంగు మచ్చలుగా పడును. రంగును తూచవలెను, నీటి ఆమ్లతను సరిచూడవలెను, బాయిలరు ఆవిరిని, కవాటములను, పంపులను కనిపెట్టి యుండవలెను. జీవసాంకేతిక కర్మాగారములో పరికరములను శుద్ధిచేయు ఆటోక్లేవు పనిచేయునది సాధారణముగా 121 డిగ్రీల వద్ద, ఆవిరితోనే. అక్కడను తూకము, ఆమ్లత, వేడి, కాలము, బ్యాచి అనునవే ప్రధానము. అనగా మంచి అద్దకపు పనివానికి క్రొత్త వృత్తిలో కొంత భాగము ఇదివరకే వచ్చును.

ఇంటిలోని స్త్రీలకును ఇట్టి జ్ఞానము కలదు. ఆవకాయ పెట్టునాడు జాడీని కడిగి ఎండబెట్టుదురు, తడి చేతితో ముట్టనీయరు, వాసెన కట్టుదురు. ఒక్క తడి గరిటె తగిలినచో జాడీ అంతయు బూజుపట్టునని వారికి తెలియును. శుద్ధ గదిలో నేర్పు పాఠమునకు మొదటి అక్షరము ఇదియే.

క్రొత్తగా నేర్వవలసిన మూడు పాఠములు

మిగిలిన భాగమును మాత్రము శ్రద్ధగా నేర్వవలెను. అందులో మూడు పాఠములు ముఖ్యము.

మొదటిది శుద్ధి. అనుకూల పరిస్థితులలో కొన్ని బాక్టీరియాలు 20 నిమిషములకొకసారి రెండింతలగును. ఆ లెక్కన ఒక్క బాక్టీరియా ఎనిమిది గంటల షిఫ్టు ముగియునప్పటికి 1 కోటి 67 లక్షలు దాటగలదు. శుద్ధ గదిలో కల్మషమునకు పెద్ద మూలము మనిషియే. చర్మపు పొరలు, వెంట్రుకలు, తుమ్ము, మాట, వీని ద్వారా సూక్ష్మకణములు వెలువడును. సీసాలు నింపు స్థలములో అరమైక్రాను, అంతకు మించిన పరిమాణము గల కణములు ఘనమీటరు గాలిలో 3,520కి మించరాదని నియమము. అందుచే పనివాడు తల నుండి పాదము వరకు ప్రత్యేక వస్త్రములు ధరించును. ఏది ముందు, ఏది వెనుక అను క్రమమును పాటించును. లోపల వేగముగా నడువడు. జ్వరము గాని, జలుబు గాని, చేతిమీద పుండు గాని ఉన్ననాడు ముందుగా తెలిపి ఆ గదికి దూరముగా నుండును. ఇది మందు రక్షణకే గాక పనివాని రక్షణకును అవసరము. క్రిములతోను, ఫార్మలిన్ వంటి ద్రవ్యములతోను పనిచేయువారికి తగిన టీకాలు, ముసుగులు, చేతి తొడుగులు ఇచ్చుట యాజమాన్యపు బాధ్యత.

రెండవది వ్రాత. ప్రతి బ్యాచికి ఒక చరిత్ర పుస్తకము ఉండును. ఎవరు తూచిరి, ఎంత తూచిరి, ఏ వేళకు వేడి ఎంత యున్నది, అన్నియు ఆ క్షణముననే వ్రాసి సంతకము చేయవలెను. సాయంకాలము జ్ఞాపకము మీద వ్రాయుట నిషిద్ధము. పొరపాటు వ్రాసినచో చెరిపివేయరాదు. క్రింది అక్షరము కనిపించునట్లు ఒక్క గీత గీసి, సరియైనది ప్రక్కన వ్రాసి, సంతకమును, తేదీని వేయవలెను. ఏదైన ఊరిలో మందు వికటించినప్పుడు ఆ సీసా పుట్టిన గంట వరకు వెనుకకు నడిపించు త్రోవ ఈ పుస్తకమే.

మూడవది అన్నిటికంటె కష్టమైనది. అది తప్పును తానే చెప్పుట. బట్టలో రంగు చెడినచో కంటికి కనిపించును. దానిని మరల అద్దవచ్చును, తక్కువ ధరకు అమ్మవచ్చును. మందులో జరిగిన తప్పు కంటికి కనిపించదు. రోగి శరీరములో కనిపించును. జీతములో కోతకు భయపడి పొరపాటును దాచుట అలవాటైన చోట నుండి వచ్చిన పనివానికి ఈ పాఠము ఒక్కనాటిలో పట్టుబడదు. పట్టుకారు క్రింద పడినది, మరొకటి ఇప్పించుడని మల్కోవాల్‌లో ఒక్క మాట పలికియుండినచో పందొమ్మిది ఇండ్లలో దీపములు ఆరకపోయి యుండవచ్చును. ఆ ఒక్క మాట పలుకుటకు పనివానికి ధైర్యము కావలెను; పలికినవానిని శిక్షింపని వివేకము పై అధికారికి కావలెను. శిక్షణ వీరిరువురికిని అవసరము.

ఈ పాఠములు పట్టుబడినవో లేదో తెలిసికొనుటకు పరిశ్రమలో చక్కని పరీక్ష యొకటి కలదు. మందునకు బదులు సూక్ష్మజీవులకు ఇష్టమైన పోషక ద్రవమును సీసాలలో నింపింతురు. ఆ సీసాలను 14 దినములు వెచ్చని చోట ఉంచుదురు. చేయి శుద్ధముగానున్నచో ద్రవము తేటగానే యుండును; ఎచ్చటనో ఒక్క క్రిమి చొరబడినచో మడ్డిగా మారును. ఎంత చదివినవాడైనను, ఎంత అనుభవము గలవాడైనను ఈ పరీక్షకు లోబడవలసినదే.

శిక్షణకు గల మార్గములు

పదవ తరగతి ఉత్తీర్ణులైన వారికి ఐ.టి.ఐ.లలో రసాయన కర్మాగారములకు సంబంధించిన వృత్తులు కలవు. అటెండెంట్ ఆపరేటరు, లాబొరేటరీ అసిస్టెంటు, ఇన్‌స్ట్రుమెంట్ మెకానిక్ అనునవి వానిలో కొన్ని. ఇవి రెండేండ్ల శిక్షణలు. 1961 నాటి అప్రెంటిస్ చట్టము ప్రకారము కర్మాగారములో భృతితో పని నేర్చుకొను అవకాశము కలదు. డిగ్రీ చదువదలచినవారికి పల్సానాకు తూర్పున, సర్దార్ పటేలు 1928లో నడిపిన సత్యాగ్రహముచే ప్రసిద్ధమైన బార్డోలీ ప్రాంతమున ఉకా తర్సాడియా విశ్వవిద్యాలయము కలదు, అందు సి.జి. భక్తా జీవసాంకేతిక సంస్థ నడుచుచున్నది. సూరత్ నగరమున వీర నర్మద్ దక్షిణ గుజరాత్ విశ్వవిద్యాలయము కలదు. డిగ్రీ పొందినవారిని కర్మాగారములకు పంపి పని నేర్పించుటకు కేంద్ర జీవసాంకేతిక విభాగము 1993లోనే ఒక పారిశ్రామిక శిక్షణ పథకమును ప్రారంభించినది. పుస్తకము చదివినవానికి తొట్టె తెలియదు, తొట్టె తెలిసినవానికి పుస్తకము తెలియదు అను లోపమును ఆనాడే గుర్తించిరన్నమాట.

ఫీజు చెల్లించుటకు పూర్వము తల్లిదండ్రులు మూడు ప్రశ్నలు అడుగవలెను. ఆ సంస్థలో పరికరములపై చేతితో పనిచేయనిత్తురా? అది ఇచ్చు పత్రమునకు ప్రభుత్వ గుర్తింపు కలదా? చదువు ముగియుటకు పూర్వమే ఏదైన కర్మాగారములో కొన్ని మాసములు ఉంచెదరా? శిక్షణ ముగించిన ప్రతివానికి ఉద్యోగము సిద్ధముగా నుండునని ఎవరైన హామీ ఇచ్చినచో దానిని నమ్మరాదు.

ఇతర దేశముల అనుభవము

బట్టల మిల్లులున్న ప్రాంతము జీవసాంకేతిక పరిశ్రమ వైపు మరలుట లోకములో ఇదివరకు జరిగినదే. అమెరికాలోని ఉత్తర కరొలినా రాష్ట్రమున కన్నాపొలిస్ అను ఊరిలో పిల్లోటెక్స్ అను పెద్ద మిల్లు 2003 జులై 30న మూతబడినది. ఆ రాష్ట్రములో నాలుగు వేలకు పైగా కార్మికులు ఒక్కసారిగా పని కోల్పోయిరి. మిల్లు కూల్చిన స్థలములోనే 2008లో పరిశోధన కేంద్రము వెలసినది. అయితే కట్టడము లేచినంత మాత్రమున మిల్లు కార్మికునికి అందులో చోటు దొరకలేదు. వారిలో అనేకులు పాఠశాల చదువు సైతము ముగింపనివారు. వారు మొదట ఆ లోటును తీర్చుకొనవలసి వచ్చినది. ఆ రాష్ట్రపు స్థానిక కళాశాలలలో బయోవర్క్ అను స్వల్పకాలిక తరగతులు నడుచుచున్నవి. 2007లో అచ్చటి రాష్ట్ర విశ్వవిద్యాలయమున నిజమైన కర్మాగారమును పోలిన శిక్షణ కేంద్రము తెరువబడినది. ఐర్లండులోని డబ్లిన్‌లోను 2011లో అట్టి జాతీయ శిక్షణ కేంద్రము తెరువబడినది. ఈ కేంద్రములలో నేర్చుకొనువాడు చేసిన పొరపాటు ఏ రోగికిని చేరదు. తప్పు చేసి నేర్చుకొనుటకు అట్టి చోటు ఉండుట గొప్ప సదుపాయము.

ఈ అనుభవము వలన పల్సానా ప్రాంతము గ్రహింపవలసినది స్పష్టము. శిక్షణకు పునాది పాఠశాలయే. మిల్లు పనికని ఎనిమిదవ తరగతిలో చదువు మాన్పించిన బిడ్డకు పైన చెప్పిన ఐ.టి.ఐ. వృత్తుల తలుపు తెరచుకొనదు.

భాష

సూరత్ నగరపాలక సంస్థ గుజరాతీతో పాటు తెలుగు, మరాఠీ, ఒడియా, ఉర్దూ మొదలగు మాధ్యమములలో పాఠశాలలను నడుపుచున్నది. తెలుగులో చదువుకొన్న బిడ్డకు ఇంట ఒక భాష, వీధిలో ఒక భాష, కర్మాగారపు కాగితములలో మరొక భాష ఎదురగును. శుద్ధి నియమము ఎందుకున్నదో అర్థము కాక కంఠస్థము చేసినవాడు, పై అధికారి ప్రక్కకు తిరిగినప్పుడు దానిని వదలివేయును. మాతృభాషలో కారణము తెలిసినవాడు ఎవరును చూడనప్పుడును పాటించును. కావున వివరణ పనివాని భాషలో జరుగవలెను. అదే సమయమున సీసా మీది పేరు, తేదీ, బ్యాచి సంఖ్య, హెచ్చరిక, వీనిని ఆంగ్లములో తప్పుపోకుండ చదువుట కూడ నేర్పవలెను.

సూరత్ వాసులకు రోగభయము క్రొత్త గాదు. 1994 సెప్టెంబరులో అచ్చట ప్లేగు కనిపించినప్పుడు లక్షలాది ప్రజలు, ముఖ్యముగా వలస కార్మికులు, రైళ్లలోను బస్సులలోను ఊరు విడిచిరి. ఆనాడు ఆదుకొన్న టెట్రాసైక్లిన్ అను మందు మట్టిలోని సూక్ష్మజీవుల నుండి లభించిన మందుల కుటుంబములోనిదే. దానిని మింగినవారిలో ఎవరును ఆ బిళ్ల చేసినవానిని చూచి యుండలేదు. చూడనవసరము లేకుండ నమ్మగలిగిరి. అట్టి నమ్మకమునకు పాత్రుడగుటయే ఈ వృత్తిలోని గౌరవము. రేపు ఏ పల్లెలోనో ఒక తల్లి బిడ్డ చేయి చాచి టీకా వేయించునప్పుడు, ఆ సీసా వెనుక పల్సానా ప్రాంతపు కార్మికుని కూతురు గాని, కుమారుడు గాని ఉండవచ్చును. వారి చేయి శుద్ధమైనదిగను, వారి వ్రాత సత్యమైనదిగను, వారి నోరు నిర్భయమైనదిగను ఉండునట్లు నేర్పించుట తల్లిదండ్రులు, ఉపాధ్యాయులు, పరిశ్రమ, ప్రభుత్వము కలిసి నెరవేర్పవలసిన బాధ్యత.